కన్వర్ట్ నొక్కేముందు ఫైలు మూత తీసి చూడండి

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఫొటో స్టూడియోకు పోయినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో నెట్ సెంటర్‌కు పోయినా మొరలు దాదాపు ఒకటే. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి పంపిస్తే మర్నాడు "అన్నా, టీవీలో ఆడటంలా" అని ఫోను. బండలాగుడు పోటీ వీడియోలో ఎడ్లు గీత దాటిన తర్వాత ఎప్పటికో ఈల వినపడుతుంది. బ్యాంకు ఉద్యోగం దరఖాస్తులో ఫొటో ఎక్కదు. పదేళ్ల నాటి శుభలేఖ ఫైలు తెరిస్తే తెలుగు బదులు రోమన్ అక్షరాల కలగాపులగం. అన్నిటికీ ఒకటే మందన్నట్టు ఏదో ఒక కన్వర్టర్‌లో పడేసి బటన్ నొక్కుతారు. ఒక్కోసారి పనవుతుంది. ఎందుకయిందో తెలియదు కాబట్టి ఇంకోసారి కానప్పుడు ఏం చేయాలో కూడా తెలియదు.

ఇలా వచ్చే ఫైళ్లలో చాలావాటికి కన్వర్షన్ అక్కర్లేదు. అక్కర ఉన్నవాటిలోనైనా మార్చాల్సింది ఏదో ఒక ముక్కే. అదేదో తేల్చకుండా మొత్తాన్ని తిరగగొడితే బొమ్మ నాణ్యత పోతుంది, అసలు లోపం అలాగే ఉంటుంది.

పేరు వేరు, లోపలి సరుకు వేరు

ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అనేవి వీడియో రకాలు కావు, పాత్రలు. వీటినే కంటైనర్లు అంటారు. లోపల బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం ఇంకో పద్ధతిలో కుదించి ఉంటాయి. ఆ పద్ధతులే కోడెక్‌లు. బొమ్మకు హెచ్.264, హెచ్.265, వీపీ9, ఏవీ1. శబ్దానికి ఏఏసీ, ఎంపీ3, ఏసీ3, డీటీఎస్. క్యారేజీ గిన్నె చూసి లోపల ఉన్నది చేపల పులుసో పప్పుచారో ఎలా చెప్పలేమో, ఫైలు చివర ఎంపీ4 అని ఉన్నంత మాత్రాన లోపల ఏముందో అలాగే చెప్పలేం. రెండు ఎంపీ4 ఫైళ్లలో ఒకటి టీవీలో ఆడి ఇంకోటి ఆడకపోవడానికి కారణం ఇదే.

మూత తీసి చూపించేది మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్. ఫైలును దాని కిటికీలోకి లాగి వదిలి, వ్యూ మెనూలో ట్రీ లేదా టెక్స్ట్ ఎంచుకుంటే పెద్ద జాబితా వస్తుంది. అంతా చదవక్కర్లేదు. వీడియో భాగంలో ఫార్మాట్, ప్రొఫైల్, బిట్ డెప్త్ (రంగుల మెట్లు ఎన్ని), క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత ఉంచారు), ఫ్రేమ్ రేట్ మోడ్ (సెకనుకు వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు, ఒకే లెక్కనా మారుతూనా), స్కాన్ టైప్ (గీతలన్నీ ఒకేసారా విడతలుగానా), ఆడియో భాగంలో ఫార్మాట్, శాంప్లింగ్ రేట్, రెండింటి నిడివి. ఈ కొద్ది వరుసలు చదవడం వస్తే ఇక్కడ చెప్పుకునే తప్పుల్లో ముప్పాతిక కన్వర్టర్ తెరవకుండానే దొరుకుతాయి. మీడియాఇన్ఫో అసలేమీ చూపించకపోతే అది కూడా సమాచారమే. ఆ ఫైలు విరిగినదైనా కావాలి, పేరుకు మాత్రమే వీడియో అయినా కావాలి. డౌన్‌లోడ్ చేసిన 'సినిమా' 3 కేబీ ఉంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. సాధారణంగా అది ఏదో వెబ్ పేజీ అయి ఉంటుంది. దాన్ని ఏ కన్వర్టరూ వీడియో చేయలేదు.

టీవీలో ఆడకపోవడం

మొదట చూడాల్సింది వీడియోను కాదు, పెన్‌డ్రైవ్‌ను. దుకాణంలో కొన్న చిన్న పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి. అందులో ఒక ఫైలు 4 జీబీకి, కచ్చితంగా చెప్పాలంటే 429,49,67,295 బైట్లకు మించకూడదు. డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా విండోస్ 'ఫైలు మరీ పెద్దది' అంటుంది. రెండు గంటల పెళ్లి వీడియోను సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున తీస్తే 7200 సెకన్లకు 36,000 మెగాబిట్లు, 8తో భాగిస్తే 4,500 మెగాబైట్లు. పరిమితి దాటింది. అదే వీడియోకు 4,300 కిలోబిట్లు, ఆడియోకు 160 పెడితే 4,014 మెగాబైట్లతో సరిపోతుంది. బిట్‌రేటును, అంటే సెకనుకు ఎన్ని బిట్లో ఆ అంకెను, నిడివితో హెచ్చించి 8తో భాగించడం, ఈ ఒక్క లెక్క వస్తే సైజు కోసం నాలుగుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి చూసే పని తప్పుతుంది.

డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మార్చి ఫార్మాట్ చేయడం ఇంకో దారి. ఈమధ్య టీవీలు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను దాదాపుగా చదువుతాయి, ఎక్స్‌ఫ్యాట్ దగ్గర పాతవి మొండికేస్తాయి. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుందని వేరే చెప్పక్కర్లేదు గానీ, పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

డ్రైవ్ బాగుండి, ఫైలు పేరు కనపడుతూ ఆడకపోతే అప్పుడు మీడియాఇన్ఫో. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో వరుసలో డీటీఎస్ ఉందేమో చూడండి. కొన్ని టీవీలు దాన్ని వినిపించవు. శాంసంగ్ 2018 మోడళ్ల నుంచి దాన్ని తీసేసింది. అప్పుడు బొమ్మను తాకకుండా శబ్దాన్ని మాత్రం ఏఏసీకో ఏసీ3కో మారిస్తే చాలు. శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే బిట్ డెప్త్ 10 అని గానీ, క్రోమా 4:2:2 అని గానీ ఉండవచ్చు. కొత్త కెమెరాల్లో రంగులు సరిదిద్దుకోవడానికి స్టూడియోలు ఈ సెట్టింగ్ పెట్టుకుంటాయి. ఎడిటింగ్‌కు అది మంచిదే, ఇంటి టీవీకి పనికిరాదు. టీవీకి ఇచ్చే ఫైలు హెచ్.264, హై ప్రొఫైల్, 8 బిట్, 4:2:0, 1080పిలో 25 లేదా 30 ఫ్రేములు, లెవెల్ 4.1, శబ్దం ఏఏసీ స్టీరియో. ఇంతకంటే గొప్పగా ఇచ్చి ఇంటికి పిలిపించుకోవడం కంటే ఇది మేలు.

లోపల హెచ్.264, ఏఏసీ సరిగ్గానే ఉండి పాత్ర మాత్రం ఎంకేవీ అయితే కన్వర్ట్ చేయడం వృథా. పాత్ర మారిస్తే చాలు. దీన్ని రీమక్స్ అంటారు. అవిడెమక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఫైలు తెరిచి వీడియో అవుట్‌పుట్, ఆడియో అవుట్‌పుట్ రెండూ 'కాపీ' అనే ఉంచి, కింద ఎంపీ4 మక్సర్ ఎంచుకుని సేవ్ చేయాలి. లాస్‌లెస్‌కట్ అనే ప్రోగ్రామ్‌లోనూ ఇంతే. గంటన్నర వీడియో హార్డ్ డిస్కు వేగాన్ని బట్టి నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో అయిపోతుంది, నాణ్యత వెంట్రుకవాసి కూడా తగ్గదు. మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే, అంటే బొమ్మను విప్పి కొత్తగా కుదిస్తే, అదే పనికి గంట పట్టి, పైగా బొమ్మ మెత్తబడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ ఎంత మంచిదైనా బొమ్మను ఎప్పుడూ తిరిగి ఎన్‌కోడ్ చేస్తుంది, కాపీ చేయడం దానికి రాదు. అందుకే దాన్ని అన్నిటికీ వాడకూడదు.

కాపీ పద్ధతిలో ముక్క కోసేటప్పుడు ఒక చిక్కుంది. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేము ఉండి, మధ్యవి దానితో పోల్చుకున్న తేడాలే. కత్తిరింపు ఆ పూర్తి ఫ్రేము దగ్గరే శుభ్రంగా పడుతుంది. మధ్యలో కోస్తే మొదటి సెకనో రెండు సెకన్లో బొమ్మ బిగుసుకుపోయి శబ్దం మాత్రం నడుస్తుంది. లాస్‌లెస్‌కట్‌లో ఆ పూర్తి ఫ్రేము (కీఫ్రేమ్) దగ్గరికి జరిగే బటన్లు ఉన్నాయి, వాటితో కాస్త వెనక్కి జరిగి కోయండి.

నిజంగా ఎన్‌కోడ్ చేయాల్సి వస్తే

హ్యాండ్‌బ్రేక్‌లో 'ఫాస్ట్ 1080పి30' ప్రీసెట్‌తో మొదలుపెట్టి రెండు చోట్ల చేయి పెడితే చాలు. వీడియో ట్యాబ్‌లో కాన్‌స్టంట్ క్వాలిటీ అనే అంకె ఉంటుంది. తగ్గేకొద్దీ నాణ్యతా పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. 1080పికి 20 నుంచి 24, 720పికి 19 నుంచి 23, పాత 576 గీతల బొమ్మకు 18 నుంచి 22, 4కెకి 22 నుంచి 28 అని ఆ ప్రోగ్రామ్ తయారుచేసినవాళ్లే సూచిస్తారు. దీన్ని 10కి దించితే బొమ్మ బాగుపడదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. సైజు కచ్చితంగా కావాల్సినప్పుడే యావరేజ్ బిట్‌రేట్ ఎంచుకుని మల్టీ పాస్ టిక్కు పెట్టాలి. రెండోది ఫ్రేమ్ రేటు. ప్రీసెట్‌లో 'పీక్' అని ఉంటుంది, దాన్ని 'కాన్‌స్టంట్'కు మార్చండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఫోన్లలో హెచ్‌డీఆర్‌లో తీసిన వీడియో మార్చాక పాలిపోయినట్టు, సున్నం కొట్టినట్టు కనపడితే అది కన్వర్టర్ పాడైపోయి కాదు. హెచ్‌డీఆర్ వెలుగుల కొలత వేరు, మామూలు టీవీది వేరు. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్స్ ట్యాబ్‌లో కలర్‌స్పేస్‌ను బీటీ.709కు పెట్టాలి. ఫంక్షన్‌కు ముందే ఫోన్ కెమెరా సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేయడం అన్నిటికంటే తేలిక. ఐఫోన్లలో 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలు హెచ్ఈఐసీలో, వీడియోలు హెచ్.265లో దిగుతున్నాయి. కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌కు వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' ఎంచుకుంటే జేపెగ్, హెచ్.264 వస్తాయి.

స్టూడియోకు వాట్సాప్‌లో వీడియో పంపి, బొమ్మ మసకగా ఉంది, కన్వర్ట్ చేసి తేటగా చేయమనేవాళ్లు ఉంటారు. వాట్సాప్ వీడియోగా పంపితే కుదించేస్తుంది. పోయిన వివరం ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేదు. డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకు ఉన్నదున్నట్టు చేరుతుంది.

మాట వెనక, మనిషి ముందు

శబ్దం తప్పడం రెండు రకాలు. వాటిని విడదీయకుండా చేసే ప్రయత్నమంతా వృథా. వీడియో మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుచోట్ల చూడండి. ఎక్కడ చూసినా తేడా అరసెకనే అయితే అది స్థిరమైన జాప్యం. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోనూ పెరిగితే వేగాల తేడా. మొదటిదానికి మందు తేలిక. వీఎల్‌సీలో ఆడిస్తూ కీబోర్డు మీద జె, కె అక్షరాలు నొక్కితే శబ్దం 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరుగుతుంది, అంకె తెర మీద కనపడుతుంది. పెదవులు కలిసిన చోట ఆ అంకె రాసుకుని, ఎంకేవీ టూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఆడియో ట్రాక్ ఎంచుకుని డిలే గడిలో వేస్తే ఎన్‌కోడింగ్ లేకుండానే సరిపోతుంది.

రెండోదే స్టూడియోలను ఏడిపించేది. ఎక్కువసార్లు మూలం ఫోను. ఫోన్ కెమెరా సెకనుకు 30 ఫ్రేములని చెప్పినా వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు వెలుగు పట్టడానికి 24కో ఇంకా కిందకో దిగుతుంది, వెలుగు రాగానే మళ్లీ ఎక్కుతుంది. మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ 'వేరియబుల్' అని ఉండేది ఇందుకే. రొట్టెల పండగ రాత్రుల్లో స్వర్ణాల చెరువు గట్టున తీసిన వీడియోనో, ఫ్లడ్‌లైట్ల కింద తీసిన ఎడ్ల పందెమో అయితే ఇది దాదాపు ఖాయం. ప్లేయర్ ప్రతి ఫ్రేము మీద ఉన్న సమయం చూసి ఆడిస్తుంది కాబట్టి ఫోన్‌లో బాగానే ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు ఆ సమయాలను పట్టించుకోకుండా 30 అనుకుని వరుసగా పేర్చేస్తుంది. శబ్దం మాత్రం తన దారిన తాను పోతుంది. ఎడిట్ అయ్యాక దీన్ని సరిచేయబోవద్దు. ఎడిట్‌కు ముందే ఫోన్ ఫైళ్లన్నీ హ్యాండ్‌బ్రేక్‌లో 30, కాన్‌స్టంట్ పెట్టి, క్వాలిటీ 18 దగ్గర మార్చుకుని, ఆ కొత్త ఫైళ్లతోనే పని మొదలుపెట్టాలి.

తేడా ఎంత అన్నదాన్ని బట్టి కారణం కొంత ఊహించవచ్చు. గంటకు 3.6 సెకన్లు తేడా వస్తే 30నీ 29.97నీ కలగలిపారు. గంటకు రెండున్నర నిమిషాలైతే 25 ఫ్రేముల ఫైలును 23.976గా చదివారు. గొంతు బరువెక్కి, గంట శబ్దం 65 నిమిషాలకు సాగితే 48,000 హెర్ట్జ్ శబ్దాన్ని 44,100 అనుకున్నారు. ఇవేవీ కాకుండా గంటకు అరసెకనో సెకనో జారితే కెమెరా గడియారం, విడిగా పెట్టిన రికార్డర్ గడియారం కొద్దిగా తేడాగా నడిచాయన్నమాట. హరికథలు, పద్యనాటకాలు మిక్సర్ నుంచి విడిగా రికార్డు చేసేచోట ఇది మామూలే. మొదట ఒక చప్పట్టు, చివర ఒక చప్పట్టు గుర్తుపెట్టుకుని రెండింటి మధ్య దూరం వీడియోలో ఎంతో, ఆడియోలో ఎంతో కొలవండి. ఆడాసిటీ అనే శబ్దం ఎడిట్ చేసే ప్రోగ్రామ్‌లో చేంజ్ టెంపో కిటికీలో పాత నిడివి, కొత్త నిడివి గడులుంటాయి. శ్రుతి మారకుండా సాగుతుంది.

మూవ్ దొరకలేదు

'మూవ్ ఆటమ్ నాట్ ఫౌండ్' అన్న సందేశం వస్తే ఇక కన్వర్టర్లు మార్చి మార్చి ప్రయత్నించడం ఆపేయాలి. ఎంపీ4లో రెండు ముఖ్యమైన భాగాలు: ఎండాట్‌లో బొమ్మ, శబ్దం తాలూకు అసలు డేటా; మూవ్‌లో ఆ డేటాలో ఏ ఫ్రేము ఎక్కడ మొదలవుతుంది, ఎంతసేపు, ఏ కోడెక్ అన్న పట్టిక. రికార్డింగ్ ఆపిన తర్వాతే ఎన్ని ఫ్రేములయ్యాయో తెలుస్తుంది కాబట్టి కెమెరా ఈ పట్టికను చివర్లో రాస్తుంది. రికార్డవుతుండగా బ్యాటరీ అయిపోయినా, డ్రోన్ కింద పడ్డా, ఎర్రలైటు వెలుగుతుండగానే కార్డు లాగేసినా పట్టిక రాయడం జరగదు. ఫైలు 6 జీబీ కనపడుతుంది, ఏ ప్లేయర్లోనూ తెరుచుకోదు. డేటా మాత్రం అక్కడే ఉంది.

అప్పుడు ముందుగా ఆ కార్డులో ఇంకేమీ రికార్డు చేయకుండా పక్కన పెట్టాలి. కార్డు సరిచేయమంటారా అని విండోస్ అడిగితే వద్దనాలి. కార్డంతా కంప్యూటర్లోకి కాపీ చేసి, పని ఆ కాపీ మీదే చేయాలి. తర్వాత అదే కెమెరాతో, అదే రిజల్యూషన్, అదే ఫ్రేమ్ రేటు, అదే కోడెక్‌తో ఒక నిమిషం మంచి వీడియో తీయాలి. అన్‌ట్రంక్ అనే ఉచిత పనిముట్టుకు ఈ రెండు ఫైళ్లూ ఇస్తే, మంచి దాని పట్టిక చూసి చెడ్డదానికి పట్టిక కట్టడానికి చూస్తుంది. ఇంకో కెమెరా ఫైలు నమూనాగా ఇస్తే పని కాదు, అదే కెమెరాలో సెట్టింగ్ తేడా ఉన్నా కుదరదు. బొమ్మ వచ్చి శబ్దం గరగరలాడటం కూడా ఉంటుంది. మండపంలో ఇంకో కెమెరా శబ్దం ఉంటే దాన్ని కలుపుకోవాలి. ఫైలు 0 బైట్లు చూపిస్తే అన్‌ట్రంక్ పనికిరాదు, ముందు ఫొటోరెక్ లాంటి వాటితో కార్డు వెతకాలి.

లైవ్ ఇచ్చేవాళ్లు ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో నేరుగా ఎంపీ4లోకి రికార్డు చేయకుండా ఎంకేవీలోకి చేయడం మంచిది. ఎంకేవీ దారిపొడవునా రాసుకుంటూ పోతుంది కాబట్టి కరెంటు పోయినా అప్పటివరకు ఉన్నది దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలో 'రీమక్స్ రికార్డింగ్స్' కొడితే ఎంపీ4 తయారు. పోటీల మైదానంలో జనరేటర్ మీద నడిచే లైవ్‌కు ఇంకో ఆలోచనే అక్కర్లేదు.

పాత టేపులు, వీసీడీలు

బీరువాల్లోంచి బయటపడే వీహెచ్‌ఎస్ క్యాసెట్‌కు పక్కనుంచి వెలుగు పట్టి చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో టేపు అంచుల మీద తెల్లటి బూజు పడుతుంది. బూజు ఉన్న టేపును నేరుగా వీసీఆర్‌లో పెడితే హెడ్లు చెడి తర్వాతి క్యాసెట్లు కూడా పాడవుతాయి, ముందు శుభ్రం చేయించాలి. పెళ్లి స్టూడియోల మినీ డీవీ టేపు చూడటానికి క్యాసెట్టే అయినా లోపల ఉన్నది డిజిటల్. దాన్ని పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో తీస్తే అనవసరంగా నష్టం. ఫైర్‌వైర్ అనే కేబుల్ ద్వారా దించితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది, గంటకు దాదాపు 13 జీబీ.

ఇవన్నీ 'పాల్' అనే మన పాత టీవీ పద్ధతి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు ఇంకో క్షణానివి. కంప్యూటర్లో కదిలే చేతుల అంచున దువ్వెన పళ్లలా కనపడేది అదే. హ్యాండ్‌బ్రేక్‌లో డీఇంటర్లేస్ (ఈ గీతలను విడదీసే ఫిల్టర్) పెట్టి 'బాబ్' ఎంచుకుని, ఫ్రేమ్ రేటు 50 పెడితే రెండు క్షణాలూ విడివిడి ఫ్రేములై 50 ఫ్రేముల నున్నటి కదలిక వస్తుంది. మామూలు డీఇంటర్లేస్ 25తో సరిపెడుతుంది. సైజు ముందు మార్చి డీఇంటర్లేస్ తర్వాత చేస్తే గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఇక విడదీయడం కుదరదు. 4:3 బొమ్మను టీవీ నిండా సాగదీసి పెళ్లికూతుర్ని లావు చేయకండి, పక్కన నల్ల పట్టీలుంటే ఏం పోదు.

వీసీడీలో పేరు చివర డీఏటీ అని ఉండే వీడియో ఫైలు ఎంపెగ్-1, 352×288, వీడియోకు సెకనుకు 1150 కిలోబిట్లు. వీఎల్‌సీ నేరుగా ఆడిస్తుంది. 4కెకి పెంచి ఇవ్వమంటే పెంచేది సైజు మాత్రమే. గీతలు పడ్డ వీసీడీని కాపీ చేస్తుంటే ఎర్రర్ రావడం మామూలే, ఎందుకంటే వీసీడీలో వీడియో రాసే సెక్టార్లకు తప్పులు దిద్దే అదనపు సమాచారం తక్కువ. విండోస్ మొదటి తప్పుకే ఆగిపోతుంది. ఐసోబస్టర్ లాంటిది చదవలేని చోటు దాటేసి ముందుకు పోతుంది. డీవీడీ అయితే వీడియో వీఓబీ అనే ముక్కలుగా ఉంటుంది, ఒక్కోటి 1 జీబీకి మించదు. వాటిని విడివిడిగా కన్వర్ట్ చేస్తే అతుకుల దగ్గర పాట తెగుతుంది. వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని సోర్స్‌గా ఇవ్వాలి.

వీడియోకు సంబంధం లేని ఎర్రర్లు

'ఫైలు దొరకలేదు', 'అనుమతి లేదు' అన్నవి వీడియో గురించిన మాటలు కానేకావు. ఫైలు పేరు తెలుగులో ఉండటం, ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టి మొత్తం దారి 260 అక్షరాలు దాటడం, విండోస్ సెక్యూరిటీలో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉండి వీడియోస్ ఫోల్డర్లో రాయనివ్వకపోవడం, వన్‌డ్రైవ్‌లో పేరుంది గానీ ఫైలు కంప్యూటర్లోకి దిగకపోవడం. డీ డ్రైవ్‌లో చిన్న ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుని ఫైలును అక్కడికి కాపీ చేసి ప్రయత్నిస్తే ఈ నాలుగూ ఒకే దెబ్బకు తొలగుతాయి.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ఎన్‌కోడింగ్ సగంలో కంప్యూటరే ఆగిపోతే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించకండి. ఎన్‌కోడింగ్ ప్రాసెసర్‌ను నూటికి నూరుపాళ్లు వాడుతుంది. ఫ్యాను రెక్కల్లో దుమ్ము పేరుకుని ఉంటే వేడికి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 'కర్నెల్ పవర్ 41' అని ఉంటే కరెంటు పోవడమో, వేడో, పవర్ సప్లై చాలకపోవడమో. ప్రతిసారీ వీడియోలో ఒకే శాతం దగ్గర ఆగితే ఫైలులో లోపం, ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే యంత్రంలో లోపం.

దరఖాస్తు ఫొటో

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ దరఖాస్తుకు ఫొటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60, 10 నుంచి 20 కేబీ. పిక్సెళ్లు వేరు, కేబీలు వేరు. ముందు ఆ నిష్పత్తిలో కత్తిరించి, తర్వాత పిక్సెళ్లు కుదించి, చివర జేపెగ్ క్వాలిటీతో కేబీలు సర్దాలి. 20 కంటే తగ్గితే క్వాలిటీ పెంచాలి గానీ ఫొటో పెద్దది చేయకూడదు. ఒకసారి కుదించిన దాన్ని మళ్లీ మళ్లీ కుదించకుండా ప్రతిసారీ అసలు ఫొటో నుంచే మొదలుపెట్టాలి.

అన్నీ కొలతలో ఉన్నా 'చెల్లని ఫైలు' అంటే రెండు అనుమానాలు. ఒకటి, ఐఫోన్ హెచ్ఈఐసీ ఫొటో చివర జేపీజీ అని పేరు మార్చి ఉంటారు. పేరు మారిస్తే లోపలి బైట్లు మారవు, సర్వర్ ఫైలు మొదటి బైట్లు చూసే పట్టేస్తుంది. విండోస్‌లోని ఫొటోస్ ప్రోగ్రామ్‌లో తెరిచి జేపీజీగా సేవ్ చేయాలి. రెండోది, ఫ్లెక్సీలు, కార్డులు వేసే షాపులో చేయించిన ఫొటో సీఎంవైకేలో ఉంటుంది. అది ప్రింటింగ్ రంగుల లెక్క. వెబ్‌సైటుకు ఆర్‌జీబీ కావాలి. ఫొటోషాప్‌లో ఇమేజ్, మోడ్ కింద మార్చి సేవ్ చేయాలి.

స్కాన్ పీడీఎఫ్ బరువు కూడా ఇలాంటి లెక్కే. ఏ4 పేజీ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 2480×3508 పిక్సెళ్లు. రంగుల్లో కుదించకముందు సుమారు 26 ఎంబీ, శుద్ధ నలుపు తెలుపులో ఎంబీ దగ్గర. పాస్‌పుస్తకం, దస్తావేజు జిరాక్సు కాగితాలకు 200 డీపీఐ గ్రే చాలు. ఆధార్, పట్టా కాగితాలను సైజు తగ్గించే పేరుతో ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలోకి ఎక్కించవద్దు. ఉచిత కన్వర్టర్ల ముసుగులో వైరస్‌లు పంపేవాళ్లున్నారని 2025 మార్చిలో అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం కూడా హెచ్చరించింది. నెట్ సెంటర్‌లో ఫొటోలకు ఇర్ఫాన్‌వ్యూ, వీడియోలకు హ్యాండ్‌బ్రేక్ వేసి పెట్టుకుంటే ఆ అవసరమే రాదు.

తెలుగు అక్షరాలు చెదిరినప్పుడు

పాత డీటీపీ ఫైళ్లలో చాలావరకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో, 'అను' అనే పేరున్న ఫాంట్లతో చేసినవి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్, అంటే ప్రతి భాష అక్షరానికీ విడి సంఖ్య ఇచ్చే పద్ధతి, తెలియదు. అందుకని రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను బొమ్మలుగా పెట్టారు. ఫాంట్ ఉంటే తెలుగు, లేకపోతే రోమన్ గందరగోళం. ఫైలు చెడిపోలేదు. ఫాంట్ వేస్తే చూడటానికి పనికొస్తుంది. వాట్సాప్‌లో పెట్టాలంటే, వెతకాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే ప్రోగ్రాముల్లో అను వెర్షన్ సరిగ్గా ఎంచుకోవాలి, వెర్షన్‌ను బట్టి పట్టిక మారుతుంది. మార్చాక వత్తులు, ముఖ్యంగా రావత్తు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు కచ్చితంగా ఒకసారి చదవాలి. ఇంగ్లీషు ముక్కను కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేస్తుంది, ఫోన్ నంబర్లు కూడా తారుమారు కావచ్చు. అసలు ఫైలు లేక ప్రింటు మాత్రమే ఉంటే 300 డీపీఐలో స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు చదివి పెడుతుంది.

యూనికోడ్ ఫైలే అయినా సబ్‌టైటిల్స్ చెదరడం ఇంకో కథ. అక్కడ రెండు దృశ్యాలు కనపడతాయి, రెండూ ఒకటి కావు. తలమీద చిన్న గీత ఉన్న రోమన్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఇలా జంటలు జంటలుగా వస్తుంటే ఫైలు క్షేమం. యూనికోడ్‌ను ఫైలులో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లు. ప్లేయర్ వాటిని పాత పాశ్చాత్య లిపి పట్టికతో చదివి మూడు వేరే అక్షరాలుగా చూపిస్తోందంతే. వీఎల్‌సీ ప్రిఫరెన్సుల్లో సబ్‌టైటిల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టి మళ్లీ తెరవాలి. అలా కాకుండా వరుసగా ప్రశ్నార్థకాలు కనపడి, నోట్‌ప్యాడ్‌లోనూ అవే ఉంటే ఎవరో ఆ ఫైలును తెలుగుకు చోటులేని పాత ఏఎన్‌ఎస్‌ఐ పద్ధతిలో సేవ్ చేశారు. ఒక్కో అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం రాసేశారు, వెనక్కి తేవడం కుదరదు, పాత కాపీ వెతకాలి. వత్తులు విడిపోయి పక్కన పడితే ఎన్‌కోడింగ్ తప్పు కాదు, అక్షరాలను కూర్చే భాగానిది. ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్ కింద 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' ఎంచుకుని, ఫాంట్ నిర్మలా యూఐ గానీ నోటో శాన్స్ తెలుగు గానీ పెట్టాలి. అప్పటికే రాసిన అక్షరాలు ఊరికే సర్దుకోకపోతే ఆ టైటిల్‌ను తీసేసి కొత్తగా వేయాలి.